మడ్డి గుంతలు

"సంతకం పెట్టొద్దు నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా, పెట్టొద్దు," అంది ప్రమీల.

ఊరికే అనలేదు. నిజంగానే వంగి మారెప్ప పాదాల మీద చేతులు పెట్టింది. ఆయన పాదాలు వెనక్కి తీసుకోలేదు, కూతురి తల మీద చెయ్యీ వేయలేదు. ఎదురుగా నేల మీద పరిచి ఉన్న కాగితాన్నే చూస్తూ గోడకానుకుని కూర్చున్నాడు.

ఆ కాగితంలోని రాత పెద్దకూతురు హేమావతిది. మూడు రోజుల కిందట తండ్రి చెబుతుంటే ఆమె రాసింది. రాళ్లచెరువు తోళ్ల ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది, మేస్త్రీగా ఉన్న తాను యజమాని చెప్పినట్టు తోళ్లు పదును చేయగా మిగిలిన క్రోము మడ్డిని డ్రమ్ములతో సహా ఆవరణలో రెండు చోట్ల గుంతలు తీయించి పూడ్పించానని అందులో ఉంది. ఎక్కడెక్కడ పూడ్చిందీ కూడా ఉంది. సంతకం మాత్రం లేదు.

"లెయ్ ప్రమీలా. ముసలాయన్ని ఏడిపించొద్దు," అంది హేమావతి.

"నేను ఏడిపిస్తాండానా? ఈ కాగితం తెచ్చి ముందర పెట్టిందెవురు? నాయన మూడు దినాల నుంచి ముద్ద సరిగా మింగడంలేదు. ఎవురి వల్ల?"

హేమావతి తలెత్తి చూసింది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదకొండుకు నగర పంచాయతీ సమావేశం. ఏడో వార్డు కౌన్సిలరుగా ఆమె అక్కడ ఉండాలి. ఉండడమే కాదు, లేచి నిలబడాలి.

అజెండాలో నాలుగో అంశం ఫ్యాక్టరీ భూమి. పన్నెండెకరాలు, ఎన్నాళ్లుగానో ముళ్లకంప పెరిగి, గోడలు కూలి పడి ఉన్నాయి. పాడుబడిన పరిశ్రమల భూములను మళ్లీ వాడకంలోకి తెచ్చేందుకు ప్రభుత్వం ఇచ్చే నిధిలోంచి రాళ్లచెరువుకు డబ్బు మంజూరైంది. ఆ నేలలో రెండువందల నలభై ఇళ్లు. రెండు సిమెంటు రోడ్లు. కానీ ఆ నిధికి ఒక మెలిక ఉంది. ముందు మట్టి పరీక్ష చేయించాలి, విషం ఉంటే తీయించాలి. తీయించడానికే సగానికి పైగా ఖర్చవుతుందని కమిషనర్ లెక్క తేల్చాడు. అందుకని ఈ రోజు కౌన్సిల్ ఒక తీర్మానం చేయబోతోంది: ఆ నేలలో కాలుష్యమేమీ లేదు, మట్టి శుద్ధి పద్దు కొట్టేసి మొత్తం ఇళ్లకే వాడతాం అని.

మార్చి ముప్పై ఒకటి దాటితే డబ్బు వెనక్కి పోతుంది. ఈ రోజు ఇరవై ఆరు.

పూడ్చిన మనిషే సంతకం చేసి ఇస్తే ఆ కాగితాన్ని ఎవరూ పక్కన పెట్టలేరు. పరీక్ష చేయించి తీరాలి. అందుకే హేమావతి రాసింది. అందుకే ప్రమీల కాళ్లు పట్టుకుంది.

ఇళ్ల జాబితాలో ప్రమీల పేరు పద్నాలుగోది.

"అక్కా, నీకి సొంత ఇల్లుండాది. కాబట్టి నీకి నేల మీద దిగులు," అంది ప్రమీల లేచి నిలబడుతూ. గొంతు ఇప్పుడు మెత్తగా లేదు. "నాకి కావల్సింది నేల కాదు, కప్పు."

"ఆ కప్పు కింద నీ బిడ్డలే కదా పండుకొనేది?"

"ఇప్పుడు యాడ పండుకొంటాండారు? ఆ ఫ్యాక్టరీ గోడెనకే కదా. వాన పడితే గోడ కిందనించి నీళ్లు ఊరి మా ఇంట్లోకే వస్తాయి. ఇద్దరికీ కాళ్ల నిండా దద్దులు. నెలనెలా బాడిగ కట్టి ఆ నీళ్లు తొక్కుతాండాం. అవే నీళ్లు నా సొంత ఇంట్లో తొక్కుతా. ఏం తక్కువైంది?"

భర్త పోయాక, ధర్మవరంలో అత్తవారి మగ్గం అమ్ముడయ్యాక, ఇద్దరాడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన ప్రమీల ఆరేళ్లలో నాలుగు గదులు మారింది. అక్క ఇంట్లో ఉండమంటే ఉండలేదు. ఆ ఆరేళ్లలో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం ఇదే మొదలు.

"తీసేయొచ్చు ప్రమీలా ఆ మడ్డి. తీసినాకే ఇండ్లు కట్టొచ్చు. డబ్బు ఇంకొంచెం అడుగుదాం."

"ఎవుర్ని? ఎన్నేండ్లకి ఇస్తారు?"



గుమ్మంలో నిలబడిన రాజశేఖర్ బండి తాళం వేలికి తిప్పుతూ భార్య హేమావతి వైపు చూశాడు. బస్టాండు ఎదురుగా జెరాక్సు అంగడి నడుపుతాడు. ఊరి కాగితాలన్నీ ఆయన చేతుల మీదుగానే పోతాయి. ఆ అజెండా ప్రతులు కూడా నిన్న ఆయనే తీసిచ్చాడు.

"ఇరవైమందిలో పదిహేడుమంది చైర్మన్ పక్కే," అన్నాడు. "నువ్వు చెయ్యెత్తినా ఎత్తకపోయినా అది పాసయితాది. అయ్యేదాన్ని ఆపలేవు, ఇంట్లో మాత్రం అగ్గి పెడతాండావు."

"కాగితముంటే ఆపొచ్చు."

"ఆపితే ఏమొస్తుంది? డబ్బు ఎనక్కి పోతుంది. మడ్డి ఆడే ఉంటాది. ప్రమీల ఆ గదిలోనే ఉంటాది. ఎవురికి ఏం మేలు చేసినట్ల?"

ఇదే ప్రశ్న మూడు రోజులుగా ఆమె తనను తాను అడుగుతోంది. భర్త నోట వినేసరికి ఆయన మీదే కోపమొచ్చింది.

"విషమని తెలిసీ విషం లేదని నా చేత్తో రాసియ్యమంటావా?"

"నిన్ను రాయమన్లేదే. గమ్మునుండమంటాండా."

బయట కారాగిన చప్పుడైంది.

చైర్మన్ బసవరాజు లోపలికి వచ్చాడు. వెంట ఎవరూ లేరు. కుర్చీ వేయబోతే వద్దని, మారెప్ప పక్కనే చాప మీద కూర్చున్నాడు. కాగితం కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఉన్నచోటే ఉంచి, మెడ వంచి మొత్తం చదివాడు.

"ఏమప్పా మారెప్పా, ఆరోగ్యమెట్లుండాది?"

"ఉండాది సామీ."

"నువ్వు పూడ్చినావని నాకి తెలుసు. ఆ గుంతలు తీసిన జేసీబీ మా నాయనదే." చైర్మన్ గొంతులో దాపరికం లేదు. బెదిరింపు కూడా లేదు. "అమ్మా హేమావతీ, నేను అబద్ధం చెప్పను. ఆడ మడ్డి ఉండాది. కడిగేకి మన కాడ దుడ్లు లేవు. కడిగితే ఇండ్లు రావు. ఇండ్లు కడితే కడిగేకి కుదరదు. రెండిట్లో ఒకటే. నీ వార్డులోనే తొంభైమంది ఉండారు ఆ జాబితాలో. పోయి అడుగు, ఏది కావల్నని."

"వాళ్లకి మడ్డి ఉందని చెప్పి అడిగితే న్యాయం, సార్."

"చెప్పి అడిగినా ఇల్లే అంటారు. నీ చెల్లెలికి తెలుసు కదా? ఆయమ్మేమంటాండాది?"

ప్రమీల తల దించుకుంది.

బసవరాజు మారెప్ప వైపు తిరిగాడు. "ఇంగో మాట. ఓనరు యాడుండాడో ఎవురికీ తెల్దు. ఆ కంపెనీ పేరు మీద ఇప్పుడు బోర్డు గూడా లేదు. ఈ కాగితం మీద సంతకం పడితే, రేపు కేసంటూ పడితే, పట్టుకొనేకి మిగిలిందెవురు? మా నాయన పాయె. నువ్వే కదప్పా. మేస్త్రీ మారెప్ప. అది గూడా ఆలోచన చెయ్యి."

లేచి, హేమావతికి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. 

మారెప్ప కాగితం తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. క్రోము తొట్లలో ముప్పై ఏళ్లు నానిన ఆయన వేళ్ల మీద పాత పుండ్ల మచ్చలు గుండ్రంగా ఉన్నాయి.

"పా హేమా. నేనూ వస్తా. సంతకం ఆడే పెడతా, అందరి ముందర," అన్నాడు.

ప్రమీల తండ్రిని చూసింది, అక్కను చూసింది. చెప్పులేసుకుని ముందే వెళ్లిపోయింది.

*

కౌన్సిల్ హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ఆరడంలేదు. వెనక బల్లల మీద ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఈ రోజు నిలబడే చోటు కూడా లేదు. అందరూ ఆడవాళ్లే, అందరూ ఏడో వార్డు వాళ్లే. ముందు వరుసలో పాపమ్మ కూర్చుంది. హేమావతి ఎన్నికల్లో ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఎండలో గొడుగు పట్టుకుని వెంట నడిచిన మనిషి. పాపమ్మ పక్కన ప్రమీల.

మొదటి మూడు అంశాలు, వీధి దీపాలు, మురుగు కాలువ, సంత వేలం, పది నిమిషాల్లో అయిపోయాయి. కమిషనర్ నాలుగోది చదివాడు. చదవడం పూర్తి కాకముందే కొన్ని చేతులు బల్లల మీద చప్పుడు చేశాయి.

హేమావతి లేచింది.

"అధ్యక్షా, ఈ తీర్మానంలో కాలుష్యం లేదని ఉంది. పరీక్ష చేయకుండా లేదని ఎట్లా రాస్తాం? ముందు మట్టి పరీక్ష చేయించండి. ఆ తర్వాత ఏం తేలితే దానికి నేను కట్టుబడి ఉంటాను."

"పరీక్షకి ఆరు నెలలు, మేడం," అన్నాడు కమిషనర్. "మనకున్నది ఐదు రోజులు."

వెనక నుంచి పాపమ్మ గొంతు వినిపించింది. అరవలేదు. మామూలుగా, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే అంది: "హేమావతీ, నీకి మేం ఓటేసింది ఇండ్లు ఇప్పిస్తావని. ఆపేకి కాదు తల్లీ."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అదే హేమావతికి మరీ కష్టమైంది. అరిచి ఉంటే తిరిగి అరిచేది.

"ఆ నేలలో ఏముందో తెలిసిన మనిషి ఇక్కడే ఉన్నారు," అంది.  "మా నాయన ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసినారు. సభ్యుడు కాదు, నిజమే. రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి."

సభ్యుల్లో గుసగుసలు లేచాయి. రూల్స్ ఒప్పుకోవని ఎవరో అన్నారు. బసవరాజు చెయ్యెత్తి వాళ్లను ఆపాడు.

"మాట్లాడనీండి. పెద్దాయన. రాప్పా మారెప్పా."

మారెప్ప బల్లల మధ్య నుంచి నడిచి వచ్చాడు. కమిషనర్ బల్ల దగ్గర ఆగాడు. జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. హేమావతి పెన్ను తీసి సిద్ధంగా పట్టుకుంది.

ఆయన సభ్యులను చూడలేదు. వెనక్కి తిరిగి ఆడవాళ్లను చూశాడు. చాలాసేపు చూశాడు. వాళ్లలో సగం మంది తండ్రులో, మొగుళ్లో ఆయన కింద తొట్లలో పనిచేసినవాళ్లే. ప్రమీల ఆయన వైపు చూడడంలేదు. చీర కొంగు అంచును వేళ్లతో నలుపుతూ నేల చూస్తోంది.

"ఏముంది సామీ ఆడ," అన్నాడు మారెప్ప. "సున్నం తొట్లుండె. అవే పూడ్చినాం. సున్నం నేలకి చెడుపు కాదు."

హేమావతి చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

"డ్రమ్ములు?" అడిగాడు కమిషనర్.

"డ్రమ్ములన్నీ మద్రాసు లారీలో పోయె. ఏమీ పూడ్చలా."

"నాయనా," అంది హేమావతి. ఆ మాట ఆమెకే వినిపించలేదు.

బసవరాజు ముఖంలో గెలిచిన జాడ లేదు. ఆయనా ఒక్క క్షణం తల దించుకున్నాడు. తర్వాత తీర్మానం ఓటుకు పెట్టాడు. పంతొమ్మిది చేతులు లేచాయి. వ్యతిరేకమెవరు అన్నప్పుడు హేమావతి ఒక్కతే చెయ్యెత్తింది. ఆమె పార్టీ వాళ్లిద్దరూ ముందుగానే అటు చేరిపోయారు.

ఆడవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు. పాపమ్మ దగ్గరికొచ్చి హేమావతి భుజం మీద చెయ్యి వేసింది. "మనసులో పెట్టుకోవద్దు," అంది. ఆ మాటలో నిజంగానే ప్రేమ ఉంది.

కమిషనర్ మాత్రం ఫైలు మూయలేదు.

"పెద్దాయన చెప్పింది నోటి మాటగా ఉంటే చాలదండీ. పైనుంచి కాలుష్యం లేదనడానికి ఆధారమేమిటని అడుగుతారు. అక్కడ పనిచేసిన మేస్త్రీ వాంగ్మూలం కంటే ఏం కావాలి? ఈ రోజే పెనుకొండ పోయి నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకుని రండి. సాయంత్రం ఫైలు పంపిస్తా."

అప్పుడర్థమైంది హేమావతికి. ఇంతవరకూ ఆ తీర్మానానికి ఆధారమేమీ లేదు. ఇప్పుడుంది. తండ్రిని సాక్షిగా ఆ హాలులోకి పిలిచింది తానే.

"కారిస్తా," అన్నాడు బసవరాజు.

"వద్దు సామీ. బస్సులో పోతా," అన్నాడు మారెప్ప.

*

వెళ్లకూడదనుకుంది. వెళ్లింది. కంటిచూపు ఆనని ముసలివాడిని ఒంటరిగా బస్సెక్కించడానికి మనసొప్పలేదు. దారిలోనైనా మనసు మారుతుందేమోనన్న ఆశ కూడా ఉంది, దాన్ని ఆమె తనకు తానే ఒప్పుకోలేదు.

పెనుకొండలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. కోట గుట్ట రాళ్లు ఎండకు తెల్లగా మండుతున్నాయి. కోర్టు పక్క రేకుల షెడ్డులో నోటరీ చదివి వినిపించాడు. ఆవరణలో ఎలాంటి రసాయన వ్యర్థాలూ పూడ్చలేదని, ఇది అబద్ధమని తేలితే చట్టప్రకారం శిక్షకు బాధ్యుడనని. మారెప్ప అంతా విన్నాడు. మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా, సంతకం పెట్టాడు.

హేమావతి బయట నిలబడి చూసింది. ఉదయం నుంచి ఆ సంతకం కోసమే కాచుకుంది. వేరే కాగితం మీద.

తిరుగు బస్సులో చివరి వరుసకు ముందు సీటు దొరికింది. గుట్టూరు దాటాక ఆమె ఆపుకోలేకపోయింది.

"ప్రమీల కోసమేనా?"

"ఊఁ."

"ప్రమీల బిడ్డలకి ఏమన్నా అయితే?"

"అయితాదేమో." కిటికీ బయటికి చూస్తున్నాడు. "ఇల్లు లేకున్నా అయితాది. ఇంట్లో ఉండి అయితే నయం."

"నేను నిన్ను అందరి ముందర నిలబెట్టినా. నువ్వు నన్ను అబద్ధాలకోరుని చేసినావు నాయనా."

"చేసినా," అన్నాడు.

క్షమించమని అడుగుతాడేమో అనుకుంది. అడగలేదు. జేబులోంచి ఉదయం కాగితం తీసి, మడత విప్పకుండా ఆమె ఒడిలో పెట్టాడు.

"ఇందులో రెండు గుంతలని రాసినావు."

"నువ్వు చెప్పిందే రాసినా."

"మూడు."

బస్సు గతుకులో పడి లేచింది. హేమావతి తండ్రి వైపు తిరిగింది.

"మూడోది లోపల పట్టలా," అన్నాడు మారెప్ప. "ఆఖరి దినం ఒక లోడు మిగిలిపాయె. జాగా లేదు. ఓనరు యాడనన్నా పారేయమనె. గోడ బయట ఖాళీ జాగాలో గుంత తీసి కప్పేసినాం."

"గోడ బయట యాడ?"

మారెప్ప ముందు సీటు ఊచ పట్టుకున్నాడు.

"నువ్వు గెల్చిన కొత్తలో కొట్లాడి బోరేయించినావే. దానికి పదడుగులు కూడా ఉండదు."

కౌన్సిల్లో ఆమె మొట్టమొదట సాధించింది ఆ బోరు. టెంకాయ కొట్టిన ఫొటో ఇంకా ఇంట్లో గోడకుంది. వార్డులో మూడువందల ఇళ్లు ఆ నీళ్లే తాగుతున్నాయి. రెండు వేసవుల నుంచి నీళ్లు కొంచెం పసుపుగా వస్తున్నాయని ఆడవాళ్లంటే, ఇనుము ఎక్కువేమోలే, తేటపడ్డాక తాగండని ఆమే చెప్పింది.

"బోరుకి పాయింటు పెట్టిన దినం నువ్వూ ఆడే ఉంటివి కదా," అంది. 

"ఉంటి. ఐదునూర్ల అడుగుల కింద నీళ్లకి పైనున్న మడ్డి ఏం చేస్తాదిలే అనుకొంటి. నువ్వు అంత సంతోషంగా ఉంటివి. ఎట్ల చెప్పేది?"

చెప్పాలంటే ఇప్పుడు కూడా చెప్పొచ్చు. చెబితే బోరు ఆపాలి. ఎందుకాపామో చెప్పాలి. చెబితే గంట కిందట పెనుకొండలో పడిన సంతకం అబద్ధమవుతుంది, తండ్రి జైలుకు పోతాడు, జాబితాలో పద్నాలుగో పేరుతో పాటు రెండువందల నలభై పేర్లూ చెరిగిపోతాయి. ఏప్రిల్ ఎండల్లో మూడువందల ఇళ్లకు గుక్కెడు నీళ్లుండవు. చెప్పకపోతే...

"ఇది ఇంకెవురికి తెలుసు?"

"బసవరాజుకి తెల్దు. గుంత తీసినోళ్లు ఇద్దరూ పోయినారు. నాకి తెలుసు." ఆయన మొదటిసారి కూతురి కళ్లలోకి చూశాడు. "ఇప్పుడు నీకి."

రాళ్లచెరువు, రాళ్లచెరువు, అని కండక్టర్ కేక వేశాడు. మారెప్ప సీటు పట్టుకుని లేచి, తడుముకుంటూ మెట్ల వైపు కదిలాడు.

హేమావతి ఫోను మోగింది. ఆ బోరు పంపు ఆపరేటర్ గంగప్ప.

"హేమక్కా, ఇప్పుడే కరెంటొచ్చె. పొద్దున్నుంచి నీళ్లు లేక ఆడోళ్లు బిందెలు వరసబెట్టి కాచుకోనుండారు. మోటారు వేసేదా?"